ఆధునిక తత్వశాస్త్రమూ, క్రైస్తవుల దేవుడూ

దేవుడు మార్పులేనివాడని భక్తులంటారు. మతమెప్పుడూ ఒకటే, దానిలో మారేదేమీ లేదని మనలో కొందరంటారు. మొదటి మాట భక్తితోనూ, రెండో మాట కోపంతోనూ పుట్టినా, రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. రెండూ చరిత్రను పక్కకు నెడతాయి. గత మూడున్నర శతాబ్దాల్లో యూరపులో క్రైస్తవ దైవభావన ఎంతగా మారిపోయిందంటే, 1600 ప్రాంతాల ఒక పల్లె చర్చిలో ప్రసంగించిన పాదిరి ఇరవయ్యో శతాబ్దపు దైవశాస్త్రజ్ఞుడి పుస్తకం చదివితే, అది తన దేవుణ్ణి గురించి రాసిందేనని పోల్చుకోలేడు. ఈ మార్పులో తత్వశాస్త్రం పాత్ర ఏమిటి? ఆ తత్వశాస్త్రం ఏ సామాజిక పరిస్థితుల్లో పుట్టింది? మారిన దేవుడు ఎవరి పక్షాన నిలబడ్డాడు? ఈ మూడు ప్రశ్నలనూ కలిపి చూస్తేనే విషయం బోధపడుతుంది.

ఈ మార్పును మొట్టమొదట పసిగట్టినవాడు ఒక గణితశాస్త్రజ్ఞుడు. 1662లో పాస్కల్ చనిపోయాక ఆయన కోటు అస్తరులో కుట్టి ఉన్న ఒక కాగితం నౌకరుకు దొరికింది. దాని మీద 1654 నవంబరు 23 అని తేదీ ఉంది. ఆ రాత్రి తనకు కలిగిన అనుభవాన్ని రాసుకుంటూ పాస్కల్, తనకు కనిపించినవాడు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దేవుడేగాని తత్వవేత్తల దేవుడు కాదని స్పష్టంగా వేరు చేశాడు. ఆ నాటికే ఇద్దరు దేవుళ్లు ఏర్పడ్డారన్న మాట. రెండో దేవుడు 1641లో డేకార్ట్ ప్రచురించిన గ్రంథంలో కనిపిస్తాడు. డేకార్ట్ అన్నిటినీ సందేహించి, సందేహిస్తున్న తన ఉనికి ఒక్కటే నిశ్చయమని తేల్చుకొని, అక్కణ్ణుంచి దేవుడి దగ్గరకు వెళతాడు. మన బుద్ధికి స్పష్టంగా తోచింది నిజమేనని హామీ ఇవ్వడమే ఆ దేవుడి ముఖ్యమైన పని. పూర్వం మనిషి ఉనికికి దేవుడు ఆధారం. ఇప్పుడు వాదం మనిషితో మొదలై, దేవుడు మధ్యలో వచ్చి హామీదారుగా సంతకం పెడుతున్నాడు. డేకార్ట్ నాస్తికుడు కాదు. ఆ గ్రంథాన్ని పారిసు దైవశాస్త్ర విద్యాపీఠానికే అంకితమిచ్చాడు. అయినా పాస్కల్ భయపడింది ఈ మార్పుకే.

ఇంగ్లండులో ఈ దేవుడు యంత్రాలు తయారుచేసే పనివాడయ్యాడు. 1687లో న్యూటన్ మహాగ్రంథం వెలువడింది. మరుసటి ఏడాదే పార్లమెంటు రాజును మార్చింది. గ్రహాల గతులు కాలక్రమాన చెదిరిపోతే దేవుడు జోక్యం చేసుకొని సరిదిద్దుతాడని న్యూటన్ నమ్మాడు. 1715-16 సంవత్సరాల్లో న్యూటన్ పక్షాన వాదించిన క్లార్కుతో ఉత్తరాలు నడుపుతూ లైబ్నిజ్ దీన్ని ఎగతాళి చేశాడు. తాను చేసిన గడియారానికి తానే మాటిమాటికీ కీ ఇచ్చి, మరమ్మతు చేసుకోవలసి వచ్చేవాడు మంచి పనివాడు కాదన్నాడు. పైకి ఇది ఖగోళశాస్త్రం మీద వాదం. లోపల ఉన్న ప్రశ్న ఆనాటి రాజకీయాలదే: పాలకుడు చట్టానికి లోబడి ఉండాలా, తన ఇచ్ఛ వచ్చినప్పుడు చట్టంలో జోక్యం చేసుకోవచ్చా?

1802లో విలియం పేలీ ఈ గడియారపు వాదాన్ని సర్వజన సుబోధకంగా రాశాడు. సృష్టిలో ప్రతి అవయవమూ ఒక ప్రయోజనానికి అమరినట్టుగా ఉన్నదన్నాడు. అదే పేలీ అంతకు పదేళ్ల ముందు, ఫ్రెంచి విప్లవం నడుస్తున్న రోజుల్లో, ఇంగ్లండు శ్రామికులను ఉద్దేశించి ఒక కరపత్రం రాశాడు. మీ స్థితితో మీరు తృప్తి పడడానికి తగినన్ని కారణాలున్నాయని అందులో వివరించాడు. ఈ రెండు రచనలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలి. కంటికి కనుపాప అమరినట్టే కూలివాడికి కూలి అమరిందన్న లోకదృష్టి అది.

అయితే ఈ దేవుడి పునాదులు అప్పటికే కదిలిపోయాయి. 1755 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగనాడు, జనం చర్చిల్లో ఉన్న వేళ లిస్బన్ నగరాన్ని భూకంపం కూల్చివేసింది. ఇదంతా ఉత్తమమైన అమరికేనన్న వాదం వోల్టేరుకు అసహ్యం పుట్టించింది. 1759లో ‘కాండీడ్’ వచ్చింది. కోనిగ్స్‌బర్గులో ఉన్న యువ ఉపాధ్యాయుడు కాంట్ 1756లో ఆ భూకంపం మీద మూడు వ్యాసాలు రాసి, దానికి భౌతిక కారణాలు వెతికాడు. స్కాట్లండులో హ్యూమ్ అసలు తర్కం మీదనే దెబ్బ కొట్టాడు. పనితనాన్ని బట్టి పనివాణ్ణి ఊహించేటట్లయితే, లోపాలున్న ఈ లోకాన్ని బట్టి ఒక చేతకాని పనివాణ్ణో, పలువురు పనివాళ్లనో ఎందుకు ఊహించకూడదని అడిగాడు. స్నేహితుల సలహా మీద బతికుండగా ఆ గ్రంథాన్ని అచ్చు వేయలేదు. 1776లో ఆయన చనిపోయిన మూడేళ్లకు అది బయటికి వచ్చింది. పేలీ పుస్తకం వచ్చేసరికి దానికి జవాబు అచ్చయి ఇరవై మూడేళ్లయింది! అయినా పేలీ పుస్తకం ఇంగ్లండులో దశాబ్దాల తరబడి చదివారు. వాదంలో ఓడిపోయినంత మాత్రాన ఒక భావం చచ్చిపోదని మనం ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

మరొక పాయ స్పినోజాది. 1656లో ఆంస్టర్‌డాం యూదు సమాజం ఆయన్ను వెలివేసింది. 1670లో బైబిలును కూడా చారిత్రక గ్రంథంగానే పరిశీలించాలని వాదించాడు. చనిపోయిన ఏడాదే, 1677లో, అచ్చయిన గ్రంథంలో దేవుడూ ప్రకృతీ ఒకటేనన్నాడు. లోకానికి బయట కూచుని ఆజ్ఞలిచ్చే ప్రభువు ఆయన తత్వంలో లేడు. వంద సంవత్సరాలు స్పినోజావాది అన్నది తిట్టుగా చలామణి అయింది. 1785లో జాకోబీ, జర్మను మేధావుల్లో అగ్రగణ్యుడైన లెస్సింగు చివరి రోజుల్లో స్పినోజావాది అని బయటపెట్టాడు. తిట్టు కాస్తా ఆ తరం యువకులకు ఆకర్షణ అయింది.

ఈ పాయలన్నీ జర్మనీలో కలిశాయి. ఇది యాదృచ్ఛికం కాదు. జర్మనీ అప్పటికి చిన్న చిన్న రాజ్యాలుగా చీలి ఉంది. బూర్జువా వర్గం బలహీనంగా ఉంది. ఫ్రెంచివారు వీధుల్లో చేసిన పనిని జర్మనులు తలలో చేశారని మార్క్సు గ్రహించాడు. 1781లో కాంట్ తన విమర్శగ్రంథంలో దేవుడి ఉనికికి చెప్పే పాత రుజువులను ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు. వంద నాణేల భావంలో ఎంత ఉన్నదో నిజమైన వంద నాణేల్లోనూ అంతే ఉంది. జేబులో అవి ఉన్నాయా లేవా అన్నది భావాన్ని తిప్పి చూస్తే తెలిసేది కాదు. దేవుడి భావం నుంచి దేవుడి ఉనికిని పిండుకోవడం కూడా అంతే. అయితే 1788 నాటి రెండో విమర్శగ్రంథంలో, నైతిక జీవితానికి దేవుడు అవసరమైన విశ్వాసమని కాంటే తిరిగి ఆహ్వానించాడు. ముసలి నౌకరు లాంపే దిగులు చూడలేక కాంట్ ఈ పని చేశాడని కవి హైనే చమత్కరించాడు. ఆ విశ్వాసం కూడా పాలకులకు చాలలేదు. మతాన్ని కేవల బుద్ధి హద్దుల్లో పరిశీలించిన గ్రంథం 1793లో వచ్చేసరికి ప్రష్యా రాజు మరుసటి ఏడాది కాంట్‌ను మందలించాడు. మతం మీద ఇక రాయనని ఒప్పుకున్న కాంట్, 1797లో ఆ రాజు పోయాకనే మళ్లీ కలం పట్టాడు. 1799లో ఫిక్టే నాస్తికుడన్న ఆరోపణతో యేనాలో ఆచార్య పదవి పోగొట్టుకున్నాడు. దేవుడి ఉనికిని గురించిన వాదం ఉద్యోగానికీ, అన్నానికీ సంబంధించిన వాదం కూడా.

ఇక దైవశాస్త్రం ఏం చేసింది? కాంట్ మూసిన తలుపు దగ్గర ఏడుస్తూ కూచోలేదు. కొత్త తలుపు తెరిచింది. 1799లో బెర్లిను ఆసుపత్రిలో పాదిరిగా ఉన్న ష్లయర్‌మాహర్, మతాన్ని చులకన చేసే విద్యావంతులను ఉద్దేశించి ఒక పుస్తకం రాశాడు. మతం జ్ఞానమూ కాదు, నీతీ కాదు, అది అనుభూతి అన్నాడు. తర్వాత 1821-22లో వెలువరించిన పెద్ద గ్రంథంలో దాన్ని సంపూర్ణ ఆధారపడటమనే అనుభూతిగా నిర్వచించాడు. దీనితో విజ్ఞానశాస్త్రం మతాన్ని తాకలేని ఒక గది ఏర్పడింది. కాని ఆ గదిలోకి మతంతో పాటు ఇంకా ఏమేం దూరవచ్చు? ఆధారపడటమే మతమైతే కుక్కే ఉత్తమ క్రైస్తవుడు కావాలని హెగెల్ వెక్కిరించాడు. వెక్కిరింతలో అన్యాయం కొంత ఉంది. ష్లయర్‌మాహర్ సంస్కరణవాది, ప్రష్యా ప్రభుత్వం అనుమానంగా చూసిన మనిషి. అయినా రాజు ముందు వంగే దేశంలో ఆధారపడటాన్ని మతసారంగా నిర్వచించడం అమాయకమైన నిర్వచనం కాదు.

హెగెల్ దేవుణ్ణి గదిలోంచి చరిత్రలోకి తెచ్చాడు. 1821 నుంచి 1831లో చనిపోయేదాకా బెర్లినులో మతతత్వం మీద నాలుగు సార్లు ఉపన్యాసాలిచ్చాడు. ఆయన దృష్టిలో దేవుడు సిద్ధపదార్థం కాదు, ఒక ప్రక్రియ. తననుంచి తాను వేరుపడి, లోకంగా వ్యక్తమై, మరణాన్ని కూడా అనుభవించి, మానవ చైతన్యంలో తన్ను తాను తెలుసుకునే పరమాత్మ. క్రైస్తవ త్రిత్వం ఈ గతితర్కానికే చిత్రరూపమన్నాడు. దీన్ని రెండు విధాల చదవవచ్చు. చరిత్ర నడకంతా దైవమే గనుక ప్రష్యా రాజ్యమూ దైవికమేనని కొందరు చదివారు. దేవుడు మానవ చరిత్రలోనే నిజమైతే ఇక వేరే దేవుడెందుకని మరికొందరు అడిగారు.

ఈ రెండో పక్షం వాడైన స్ట్రౌస్ 1835లో యేసు జీవితాన్ని పరిశీలిస్తూ సువార్తల్లోని అద్భుతాలు తొలి క్రైస్తవ సమాజం సృష్టించుకున్న పురాణగాథలన్నాడు. 1839లో జ్యూరిక్‌లోని ఉదారవాద ప్రభుత్వం ఆయన్ను ఆచార్యుడిగా నియమించింది. ప్రజల్లో ఆగ్రహం లేచి, ఆయన పాఠం చెప్పకముందే ప్రభుత్వం ఆయనకు పింఛను ఇచ్చి వదిలించుకుంది. అంతటితో ఆగలేదు. సెప్టెంబరులో పల్లెజనం పాదిరి నాయకత్వాన నగరం మీదికి వచ్చారు. ప్రభుత్వమే కూలిపోయింది. పల్లెజనానికి స్ట్రౌస్ పుస్తకం మీద మాత్రమే కోపం అనుకుంటే పొరపాటు. పట్టణాల విద్యావంతులు తమను అడగకుండా తమ బళ్లనూ బతుకులనూ మార్చేస్తున్నారన్న అసంతృప్తి అప్పటికే పేరుకుని ఉంది. దేవుణ్ణి కూడా అడగకుండానే మారుస్తున్నారని తెలిసేసరికి అది భగ్గుమంది. అభ్యుదయవాదులకు ఇది మరువరాని పాఠం.

1841లో ఫ్యూయర్‌బా తుదిమెట్టు ఎక్కాడు. ప్రేమ, జ్ఞానం, న్యాయం అనే మానవజాతి గుణాలనే మనిషి తననుంచి వేరు చేసి, ఆకాశంలో పెట్టి, వాటికి తానే మొక్కుతున్నాడన్నాడు. ఈ గ్రంథాన్ని 1854లో ఇంగ్లీషు చేసింది మరియన్ ఎవాన్స్. తర్వాత జార్జి ఎలియట్ పేరుతో నవలలు రాసింది ఆమెయే. అంతకు ముందు స్ట్రౌస్ గ్రంథాన్ని అనువదించిందీ ఆమెయే. మార్క్సు ఫ్యూయర్‌బా దగ్గర ఆగిపోలేదు. మతాన్ని నల్లమందుతో పోల్చిన ఆయన మాట అందరికీ తెలుసు. 1844 నాటి ఆ వ్యాసంలోనే మతం బాధకు వ్యక్తీకరణ అనీ, బాధ మీద నిరసన కూడా అనీ ఆయన అన్న మాట మనలో చాలామంది మరిచిపోతారు. మరుసటి ఏడాది రాసుకున్న సూత్రాల్లో అసలు ప్రశ్న వేశాడు. మనిషి తన్ను తాను రెండుగా చీల్చుకొని ఆకాశంలో ఇల్లు కట్టుకున్నాడంటే, నేల మీది ఇంట్లో చీలిక ఉన్నదన్న మాట. ఆ చీలికను గ్రహించి ఆచరణలో తొలగించనిదే పై ఇంటిని ఖండించి లాభం లేదు.

దైవశాస్త్రం ఈ విమర్శలతో కూడా సర్దుకుంది. 1899-1900 చలికాలంలో హార్నాక్ బెర్లినులో సుమారు ఆరువందల మంది విద్యార్థులకు క్రైస్తవసారం మీద ఉపన్యాసాలిచ్చాడు. అద్భుతాలు, సిద్ధాంతాలు పక్కకు పోయాయి. తండ్రియైన దేవుడు, మానవాత్మ అనంతమైన విలువ, ప్రేమనీతి మిగిలాయి. సంస్కారవంతుడైన బూర్జువా గృహస్థుకు ఇంతకంటె అనువైన దేవుడు దొరకడు. ఈ దేవుడికి పరీక్ష 1914లో వచ్చింది. ఆగస్టులో జర్మను చక్రవర్తి ప్రజలకు చేసిన విజ్ఞప్తి రచనలో హార్నాక్ చెయ్యి ఉంది. అక్టోబరులో యుద్ధాన్ని సమర్థిస్తూ తొంభైముగ్గురు మేధావులు చేసిన ప్రకటన మీద హార్నాక్ సంతకం ఉంది, దైవశాస్త్రజ్ఞుడు హెర్మన్ సంతకమూ ఉంది.

ఆ ఇద్దరి శిష్యుడు కార్ల్ బార్త్ అప్పుడు స్విట్జర్లండులో సాఫెన్‌విల్ అనే ఊళ్లో పాదిరి. ఊళ్లో బట్టల మిల్లులు. బార్త్ కూలీల సంఘాల తరఫున మాట్లాడి ఎర్ర పాదిరి అనిపించుకున్నాడు. 1915లో సోషల్ డెమోక్రాటిక్ పార్టీలో చేరాడు. గురువుల సంతకాలు చూశాక వాళ్ల దైవశాస్త్రం మీదనే ఆయనకు నమ్మకం పోయింది. మానవ సంస్కృతితో దేవుణ్ణి ముడివేస్తే చక్రవర్తి తుపాకులను కూడా దేవుడు దీవించవలసి వస్తుందని గ్రహించాడు. రోమీయులకు రాసిన పత్రిక మీద ఆయన వ్యాఖ్యానం రెండో కూర్పు 1922లో వచ్చింది. దేవుడు మనిషికి పూర్తిగా అన్యుడన్నాడు. ఇందుకు కీర్కెగార్డు తత్వాన్ని ఆధారం చేసుకున్నాడు. ఫ్యూయర్‌బాను కూడా శ్రద్ధగా చదివాడు. మనిషి అనుభూతితో మొదలైన దైవశాస్త్రానికి ఫ్యూయర్‌బా విమర్శ తగిన శిక్షే అని ఒప్పుకున్నాడు. 1934లో నాజీ రాజ్యం చర్చిని మింగబోయినప్పుడు బార్మెన్ ప్రకటన ముసాయిదా ముఖ్యంగా బార్త్ రాసిందే. హిట్లరుకు బేషరతుగా విధేయత ప్రమాణం చేయనన్నందుకు మరుసటి ఏడాది బాన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఉద్యోగం పోయింది.

అయితే కీర్కెగార్డు చదివినవాళ్లంతా బార్తులు కాలేదు. ఆ తత్వంలో ఎంతో పాండిత్యమున్న ఇమాన్యుయెల్ హిర్ష్ నాజీలను సమర్థించాడు. 1933లో హైడెగ్గర్ నాజీ పార్టీలో చేరి ఫ్రైబర్గు విశ్వవిద్యాలయాధిపతి అయ్యాడు. హైడెగ్గర్ తత్వంతో బైబిలును వ్యాఖ్యానించిన బుల్ట్‌మాన్ మాత్రం నాజీలను ప్రతిఘటించిన చర్చి పక్షాన చేరాడు. దేవుడు అన్ని వస్తువుల్లో ఒక వస్తువు కాదనీ, ఉనికికే మూలాధారమనీ తర్వాత రాసిన టిల్లిక్ మతవాద సోషలిస్టు. 1933లో ఫ్రాంక్‌ఫర్టులో ఉద్యోగం పోయి అమెరికా చేరాడు. ఒకే తత్వం ఇద్దర్ని రెండు వైపులా నిలబెట్టింది. కాబట్టి తత్వశాస్త్రం దేవుడికి ఆకారం ఇవ్వగలదేగాని, ఆ దేవుణ్ణి నమ్మేవాడు ఏ పక్షాన నిలబడాలో నిర్ణయించలేదు. ఆ నిర్ణయం పోరాటంలో జరుగుతుంది.

1944లో బెర్లిను జైల్లో ఒక భౌతికశాస్త్ర గ్రంథం చదువుతూ బాన్‌హోఫర్, మన జ్ఞానంలోని ఖాళీలను పూడ్చడానికి దేవుణ్ణి వాడుకోవడం తప్పని రాశాడు. ఖాళీలు తగ్గినకొద్దీ ఆ దేవుడు వెనక్కి జరుగుతూనే ఉంటాడు. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయన్ను ఉరితీశారు. 1963లో ఇంగ్లండులో బిషప్ రాబిన్సన్ బాన్‌హోఫర్, టిల్లిక్, బుల్ట్‌మాన్‌ల భావాలను చిన్న పుస్తకంగా రాసి, పైన ఎక్కడో కూచున్న దేవుణ్ణి వదిలేయమనేసరికి గగ్గోలు లేచింది. మూడు వందల ఏళ్లుగా తత్వవేత్తలకూ ఆచార్యులకూ తెలిసిన సంగతి చర్చికి వెళ్లే మామూలు జనానికి ఎవరూ చెప్పలేదన్న మాట!

కేథలిక్ చర్చి ఇంకా గట్టిగా తలుపులు బిగించుకుంది. సహజబుద్ధితో దేవుణ్ణి తెలుసుకోవచ్చునని 1870లో వాటికన్ మహాసభ శాసించింది. 1907లో పోపు ఆధునికవాదాన్ని ఖండించాడు. 1910 నుంచి 1967 దాకా ఆధునికవాదానికి వ్యతిరేకంగా పాదిరుల చేత ప్రమాణం చేయించారు. కాని లాటిన్ అమెరికా పేదరికం ఆ తలుపులను తోసింది. పెరూ దేశపు పాదిరి గుటియెర్రెజ్ 1971లో విమోచన దైవశాస్త్రం మీద గ్రంథం వెలువరించాడు. సమాజ విశ్లేషణకు మార్క్సిజాన్ని వాడుకున్నాడు. 1984లో వాటికన్ దీన్ని హెచ్చరించింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1980 మార్చి 24న, ఎల్ సాల్వడార్‌లో పేదల పక్షాన మాట్లాడిన ఆర్చిబిషప్ రొమేరోను పూజాపీఠం దగ్గరే కాల్చి చంపారు. మనవాళ్ల తప్పు కూడా చెప్పుకోవాలి. ఆశను తత్వవస్తువుగా చేసి, 1964లో మోల్ట్‌మాన్ రాసిన దైవశాస్త్రానికి ప్రేరణ ఇచ్చిన ఎర్నెస్ట్ బ్లాక్ నాస్తికుడు, మార్క్సిస్టు. 1957లో ఆయన్ను లైప్జిగు విశ్వవిద్యాలయం నుంచి బలవంతాన విరమింపజేసింది సోషలిస్టునని చెప్పుకున్న ప్రభుత్వమే.

మన నేలకు ఈ కథతో సంబంధం లేకపోలేదు. 1876-78 నాటి కరువు వెంటనే ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున, 1878 జులైలో, ఒక్కరోజునే రెండువేల పైచిలుకు జనం బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారికి కాంట్ ఎవరో తెలియదు, స్ట్రౌస్ ఎవరో తెలియదు. అంటరానివాడని తమను తోసివేయని ఒక దేవుణ్ణి వారు వెతుక్కున్నారు. విమోచన దైవశాస్త్రం వర్గాన్ని చూసిందేగాని కులాన్ని చూడలేదని, 1980ల నుంచి మన దేశంలో దళిత దైవశాస్త్రజ్ఞులు వేసిన ప్రశ్నకు మూలం ఇటువంటి అనుభవాల్లోనే ఉంది. ఆ విమర్శ పాదిరులకే కాదు, మనకూ తగులుతుంది.

ఇంతకూ తేలిందేమిటి? గడియారాల దేవుణ్ణి హ్యూమ్ కూల్చాడు, రుజువుల దేవుణ్ణి కాంట్ కూల్చాడు, గగనపు దేవుణ్ణి ఫ్యూయర్‌బా నేలకు దించాడు. ప్రతిసారీ దైవశాస్త్రం ఓటమినే సిద్ధాంతంగా మలుచుకొని ముందుకు నడిచింది. దీనికి మూల్యం చెల్లించకపోలేదు. ఏ ప్రశ్నకూ దొరకనంత సూక్ష్మమైన దేవుడు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేడు. ఉనికికి మూలాధారమైనవాడికి బిడ్డ జ్వరం తగ్గాలని మొక్కే తల్లి ఎలా మొక్కుతుంది? అందుకే ఆమె దేవుడు పాస్కల్ దేవుడుగానే ఉండిపోయాడు. తత్వశాస్త్రం ఆచార్యుడి దేవుణ్ణి మార్చిందేగాని ఆమె బిడ్డ జ్వరాన్ని తగ్గించలేదు.

తరగతి గదిలో గాని సభల్లో గాని మతాన్ని విమర్శించే మిత్రులు పేలీ దేవుణ్ణి ఓడించి గెలిచామనుకోవడం మానాలి. ఆ యుద్ధం 1779లోనే ముగిసింది. దేవుణ్ణి నమ్మే మనిషి మన ఎదుట నిలబడ్డప్పుడు, అతని దేవుడు హార్నాక్ సంతకం పక్కన ఉన్నాడా, సాఫెన్‌విల్ మిల్లుకూలీల పక్కన ఉన్నాడా అని ముందు చూడాలి. రెండోవాడైతే అతనితో కలిసి నడుస్తూనే వాదించవచ్చు. ఎందుకంటే నేల మీది ఇంట్లోని చీలికను బాగుచేసే పని అతనిదీ, మనదీ కూడా.